వంపు ముందా, అరుగుదల ముందా?

మోకాళ్ళ నొప్పితో ఆసుపత్రికి వెళ్ళిన పెద్దవాళ్ళలో చాలామందికి దొరికే వివరణ ఒకటే. వయసుతో గుజ్జు అరిగింది, లోపలివైపు ఎక్కువగా అరిగింది, అందువల్ల కాలు వంగి దొడ్డికాలు అయింది, ఆపరేషన్‌తో దాన్ని మళ్ళీ నిటారుగా నిలబెట్టాలి. వినడానికి సాఫీగా ఉన్న ఈ కథలో విడివిడిగా రుజువు కావాల్సిన మాటలు మూడున్నాయి. ఆరోగ్యంగా ఉన్న కాలు నిటారుగా ఉంటుందన్నది మొదటిది. వంపు అరుగుదల వల్లే వచ్చిందన్నది రెండోది. నిటారు చేయడమంటే పూర్వస్థితికి తేవడమేనన్నది మూడోది. నూటయాభై ఏళ్ళ వైద్య చరిత్రను ఓపిగ్గా చదివితే మొదటి మాట తప్పని, రెండోది సగమే నిజమని, మూడోది పరీక్షకు నిలబడకముందే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిందని తేలుతుంది. మోకాలి కీళ్ళవాతం ఉన్నవాళ్ళ కాళ్ళు అందరివీ ఒకేలా వంగి ఉండవు. ఆ తేడాల్లో జబ్బు వాటా ఎంత, పెరుగుదల వాటా ఎంత అన్నది ఇవాళ్టి చికిత్సతో సూటిగా ముడిపడిన ప్రశ్న.

తొలి ఘట్టాలు తెలిసినవే. ఎదిగే ఎముక చివర ఒత్తిడి పెరిగితే అక్కడ ఎదుగుదల మందగిస్తుందని 1862 ప్రాంతంలో జర్మనీలో హ్యూటర్, ఫోక్‌మన్ చెప్పారు. తుంటి బంతి నడిమధ్య నుంచి చీలమండ నడిమధ్యకు గీసే బరువు గీతను 1878లో మికులిచ్ వర్ణించాడు. నేటికీ దానికి ఆయన పేరే. 1961లో ఇంగ్లండులో జాక్సన్, వా అనే సర్జన్లు మోకాలి కింది ఎముకను కోసి వంపు సరిచేసే పద్ధతిని అరుగుదలకు చికిత్సగా ప్రకటించారు. 1965లో అమెరికాలో కోవెంట్రీ దాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. బెల్జియంలో మాకే మోకాలి మీద బరువు ఎలా పంచుకోబడుతుందో లెక్కకట్టి 1976లో గ్రంథమే వెలువరించాడు. వీళ్ళందరి ముందూ ఉన్నవి నొప్పితో వచ్చిన కాళ్ళు. నొప్పి లేని మామూలు కాళ్ళను వరసపెట్టి కొలిచే పని వెనకబడింది.

ఆ వెనకబాటు ఫలితం 1970లలో బయటపడింది. 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో ఇన్సాల్, మన దేశంలో పుట్టిన చిత్రంజన్ రణావత్, ఇంజనీరు వాకర్ కలిసి రూపొందించిన టోటల్ కాండిలార్ కీలు ఆధునిక మోకాలి మార్పిడికి పునాది అయింది. లోహాన్నీ ప్లాస్టిక్‌నూ సిమెంటుతో ఎముకకు అతికించే ఆ కీలు ఎక్కువకాలం నిలవాలంటే బరువు రెండువైపులా సమంగా పడాలి. కాబట్టి తొడ ఎముకనూ కింది ఎముకనూ బరువు గీతకు సరిగ్గా 90 డిగ్రీల్లో కోసి కాలుని సున్నా డిగ్రీల దగ్గర నిలబెట్టాలన్నారు. అది యంత్రం మన్నిక కోసం చేసిన తీర్మానం, ఆనాటికి సబబైన తీర్మానమే. మనిషి కాలిలో కింది ఎముక పై అంచు రెండు మూడు డిగ్రీలు లోపలికి వాలి ఉంటుందని 1985లో హంగర్‌ఫర్డ్, క్రాకోవ్ గుర్తుచేసి ఆ వాలుని అలాగే ఉంచాలన్నారు. కానీ అప్పటి పనిముట్లతో అంత సన్నటి కోత నమ్మకంగా కుదరలేదు. 1987లో మోర్లాండ్ 25 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ కాళ్ళు కొలిస్తే సగటే ఒక డిగ్రీకి పైగా దొడ్డివైపు ఉంది. అయినా సున్నా చెక్కుచెదరలేదు. పనిముట్టు సౌలభ్యం కోసం ఎంచుకున్న అంకె క్రమంగా ఆరోగ్యానికి నిర్వచనమైంది. ఈ జారుడు నాకు మొత్తం చరిత్రలోకీ అత్యంత కీలకంగా కనిపిస్తుంది.

అసలు వివాదం 2001 తర్వాత మొదలైంది. షికాగోలో లీనా శర్మ బృందం అప్పటికే మోకాలి కీళ్ళవాతం ఉన్న 230 మందిని పద్దెనిమిది నెలలు గమనించి ఫలితాలను జామా పత్రికలో ప్రచురించింది. కాళ్ళు దొడ్డిగా ఉన్నవాళ్ళలో లోపలి అర మరింత చెడే అవకాశం సుమారు నాలుగు రెట్లు, మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా ఉన్నవాళ్ళలో బయటి అర చెడే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఎక్కువ అని తేలింది. బలమైన ఫలితమిది. దీన్ని తోసిపుచ్చే కారణం నాకు కనబడదు. కానీ ఆ వ్యాసం చెప్పింది ఉన్న జబ్బు ముదరడం గురించి. దాన్ని ఉటంకించినవాళ్ళు చాలామంది జబ్బు పుట్టడం గురించి అన్నట్టు చదివారు. మొదటి కొలత తీసుకునేనాటికే ఆ మోకాళ్ళలో గుజ్జు కొంత పోయి ఉంది, కీలు పక్కల బంధనాలు సడలి ఉన్నాయి. కాబట్టి కొలిచిన వంపులో జబ్బు తెచ్చిన భాగమూ కలిసే ఉంది.

ఆ చిక్కుముడి విప్పాలంటే జబ్బు లేని మోకాళ్ళతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చూడాలి. 2007లో అలాంటి అధ్యయనాలు రెండు వచ్చి ఎదురెదురుగా నిలబడ్డాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ జనాభాను చూసిన హంటర్ బృందం కాలి అమరిక కొత్తగా వచ్చే జబ్బును సూచించదని, వంపు జబ్బుకు గుర్తే తప్ప మూలం కాకపోవచ్చని రాసింది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 1,500 మందిని ఆరేళ్ళకు పైగా గమనించిన బ్రౌవర్ బృందానికి మాత్రం దొడ్డికాళ్ళవాళ్ళలో కొత్త జబ్బు దాదాపు రెట్టింపు కనిపించింది. ఈ రెండోదాంట్లో ఒక వివరం ఎక్కువ శ్రద్ధకు పాత్రమైనది: ఆ సంబంధం బరువు ఎక్కువున్నవాళ్ళలో గట్టిగా ఉంది, సన్నగా ఉన్నవాళ్ళలో తేలిపోయింది. పైగా రెండూ మోకాలి చుట్టూ కొద్ది మేర చూపించే చిన్న ఎక్స్‌రేల మీద ఆధారపడ్డాయి. తొడ ఎముక నడుమ విల్లులా వంగి ఉంటే ఆ చిన్న ఫిల్ములో కనబడదు. 2010లో అమెరికాలోని మోస్ట్ అధ్యయనం తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసిన పొడుగు ఎక్స్‌రేలు వాడి కొంత స్పష్టత తెచ్చింది. దొడ్డికాళ్ళలో కొత్త జబ్బు ప్రమాదం సుమారు ఒకటిన్నర రెట్లు, ఉన్న జబ్బు ముదిరే ప్రమాదం మూడున్నర రెట్లు అని తేలింది. ఈ రెండు అంకెల మధ్య దూరమే నా వాదనకు ఆధారం. వంపు జబ్బును పుట్టించే శక్తి కొంచెమే, పుట్టినదాన్ని తోసే శక్తి చాలా ఎక్కువ. ఒకటిన్నర రెట్లంటే, దొడ్డికాళ్ళున్నవాళ్ళలో చాలామంది ఏ బాధా లేకుండానే ముసలివాళ్ళవుతారు.

అలా బాధ లేకుండా వంగి ఉన్న కాళ్ళు ఎన్ని? 2012లో బెల్జియంలో బెల్లెమాన్స్ బృందం 20 నుంచి 27 ఏళ్ళ మధ్య ఉన్న 250 మంది ఆరోగ్యవంతుల్ని కొలిచింది. మగవాళ్ళలో 32 శాతం, ఆడవాళ్ళలో 17 శాతం మందికి మూడు డిగ్రీలో అంతకన్నా ఎక్కువో దొడ్డి వంపు సహజంగానే ఉంది. గుజ్జు అరిగే వయసు కాదది. ఎదిగే వయసులో ఆటలు ఎక్కువ ఆడినవాళ్ళలో ఆ వంపు ఎక్కువగా కనిపించడం హ్యూటర్, ఫోక్‌మన్ చెప్పినదానికి దగ్గరగా ఉంది. పసిపిల్లల కాళ్ళు మొదట దొడ్డిగా ఉండి, రెండేళ్ళు దాటాక ఎదురు దిక్కుకి మళ్ళి, ఆరేడేళ్ళకు పెద్దల తీరుకు వస్తాయని 1975లోనే ఫిన్లాండు పరిశోధకులు సలేనియస్, వాంకా చూపించారు. కాలి ఆకారం చాలావరకు బాల్య కౌమారాల్లోనే తేలిపోతుందన్నమాట. ఆ దశలో ఏ తేడా వచ్చినా ఎముక దాన్ని జీవితాంతం మోస్తుంది. తెలుగు నేల మీద దీనికి బాధాకరమైన సాక్ష్యం ఉంది. నల్గొండ ప్రాంతపు ఫ్లోరైడు గ్రామాల్లో మోకాళ్ళు లోపలికి విరుచుకుపోయిన కుర్రవాళ్ళ గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాశారు. నీళ్ళూ తిండీ ఎదిగే ఎముకను వంచాయి. అరుగుదలకు అందులో పాత్ర లేదు.

ఇక్కడ ఇంకో ప్రచారాన్ని పక్కన పెట్టాలి. ఆసియావాళ్ళ కాళ్ళు దొడ్డివని, కింద కూర్చోవడం, గొంతుకూర్చోవడం దానికి కారణమని తేలిగ్గా అనేస్తారు. బాధ లేని భారతీయ, కొరియా పెద్దలను కొలిచి 2014లో శెట్టి, ముల్లాజీ బృందం ప్రకటించినదాని ప్రకారం దాదాపు మూడోవంతు కాళ్ళకు సహజంగా దొడ్డి వంపు ఉంది. బెల్జియం మగవాళ్ళ అంకెకు అది చాలా దగ్గర. ఇక గొంతుకూర్చునే అలవాటు గట్టిగా ఉన్న బీజింగ్‌లో అమెరికావాళ్ళతో పోలిస్తే బయటి అర జబ్బే ఎక్కువ కనిపించింది, జబ్బు లేనివాళ్ళ కాళ్ళు కూడా దొడ్డికి ఎదురు దిక్కుకే మొగ్గాయి. గొంతుకూర్చోవడానికి మోకాలి జబ్బుతో సంబంధం ఉందని అక్కడి అధ్యయనమే 2004లో చెప్పింది. కాలు దొడ్డి కావడానికి అదే కారణమనడానికి మాత్రం ఆ ఆధారం సరిపోదు.

ఒక ఆక్షేపణ వస్తుంది: వంపు జబ్బును తోస్తుందని ఒప్పుకున్నాక, వంపు తగ్గిస్తే జబ్బు తగ్గాలిగా? చెప్పుల్లో బయటి అంచు ఎత్తుగా ఉండే అట్టలు పెట్టడం ఆ తర్కంతోనే వచ్చింది. 2011లో ఆస్ట్రేలియాలో బెన్నెల్ బృందం వాటిని ఏడాదిపాటు మామూలు సమతల అట్టలతో పోల్చితే తేడా కనబడలేదు. 2013లో పార్క్స్ బృందం అన్ని అధ్యయనాలనూ కలిపి చూసినా సమతల అట్టలకన్నా నొప్పి తగ్గింది లేదు. అట్ట తగ్గించే భారం చాలా స్వల్పమని, ఎముక కోసి చేసే దిద్దుబాటుతో దాన్ని పోల్చకూడదని బదులిస్తారు. అది న్యాయమైన జవాబే. లోపలి అర ఒక్కటే చెడిన నడివయసువాళ్ళకు ఎముక సరిచేసే శస్త్రచికిత్స ఇప్పటికీ పనికొస్తోంది. అయితే నొప్పికి కోణం ఒక్కటే లెక్క కాదనీ, బరువు, తొడ కండరం, నడక తీరు కూడా లెక్కలోకి వస్తాయనీ ఆ అట్టలు చెప్పిన పాఠం నిలిచే ఉంటుంది.

వర్తమానం విషయంలో నాకు సంతోషమూ ఉంది, సంకోచమూ ఉంది. 2010లో మేయో క్లినిక్‌లో పరాట్ బృందం 398 మార్పిడి మోకాళ్ళను పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, సున్నాకు మూడు డిగ్రీల లోపల నిలిచిన కీళ్ళు మిగతావాటికన్నా ఎక్కువ మన్నలేదు. మరుసటేడే రిటర్ బృందం 6,070 మోకాళ్ళ లెక్కతో, కింది భాగం దొడ్డివైపు కూర్చుంటే వైఫల్యం పెరుగుతుందని హెచ్చరించింది. సున్నా తప్పనిసరి కాదన్నంత మాత్రాన ఏ కోణమైనా ఫరవాలేదని కాదు. 2021లో సిడ్నీకి చెందిన మెక్‌డెస్సీ బృందం కాళ్ళను తొమ్మిది రకాలుగా విడదీసింది. అందులో తెలివైన మెట్టు ఒకటుంది. కింది ఎముక పై అంచు లోపలి కోణం 85, తొడ ఎముక కింది అంచు బయటి కోణం 88 అనుకుందాం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మైనస్ 3. జబ్బుకు ముందు ఆ కాలు మూడు డిగ్రీలు దొడ్డిగా ఉండేదని అంచనా. రోగిని నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంపు తొమ్మిది డిగ్రీలుంటే, మిగతా ఆరు గుజ్జు పోవడం, బంధనాలు సడలడం తెచ్చినవి. వంపు ముందా అరుగుదల ముందా అన్న పాత ప్రశ్నకు ఒకే కాలిలో రెండు వాటాలు విడదీసి చూపడం నిజమైన ముందడుగు.

ఆ తీసివేత ఎముక అరగలేదన్న షరతు మీద నిలబడుతుంది. గుజ్జు పూర్తిగా పోయి ఎముక కూడా లోపలివైపు దిగబడిన మోకాలిలో 85 అని కనిపించేది ఒకప్పుడు 87 అయి ఉండొచ్చు. మన దగ్గర చాలామంది ఆ దశ దాకా ఓర్చుకునే వస్తారు. హైదరాబాదు సర్జన్లు 2022లో ప్రచురించిన పరిశీలనలో భారతీయ రోగులకు దొడ్డి వంపుతో కూడిన మొదటి రకమే ఎక్కువని తేలింది. విలువైన పని అది. కానీ ఆపరేషన్ దాకా వచ్చిన కాళ్ళవి. వాటి కోణాలను జాతి స్వభావంగా చదవకూడదు. ఎక్స్‌రే తీసేటప్పుడు పాదం కాస్త పక్కకు తిరిగినా, మోకాలు పూర్తిగా చాపలేక కొంచెం మడిచినా కోణం డిగ్రీల మేర మారుతుంది. అలాంటి ఫిల్ము మీద అర డిగ్రీ ఖచ్చితత్వంతో కోసే రోబోను నడిపినప్పుడు, ఆ ఖచ్చితత్వం కోతకే చెందుతుంది, గమ్యానికి కాదు. ఎవరి సహజ వంపు వాళ్ళకే ఉంచుతామన్న కొత్త పద్ధతిని పాతదానితో చీటీలు తీసినట్టు పంచి పోల్చిన పరీక్షల్లో కొన్ని మేలు చూపించాయి, 2017 నాటి న్యూజీలాండు పరీక్షలాంటివి రెండేళ్ళకు ఏ తేడా చూపించలేదు. ప్రకటనల్లో మాత్రం ఈ రెండో రకం ఫలితాలు ఉండవు. ఆపరేషన్‌కు ఒప్పుకునేముందు పొడుగు ఎక్స్‌రే తీశారా, నా వంపులో ఎముకది ఎంత, జబ్బుది ఎంత అని రోగి అడగాలి, సర్జను ఫిల్ము ముందు పెట్టి చూపించాలి.