‘ఆంధ్ర’ అంటే ఎవరు?



హైదరాబాదులో మనల్ని ‘ఆంధ్రావాళ్ళు’ అనేవారు. గుంటూరుకు బదిలీ అయితే ‘సీమవాళ్ళు’. మద్రాసులో మాత్రం అందరం తెలుగువాళ్ళమే. ఎవరూ అబద్ధమాడలేదు, మాటే అలాంటిది.

ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులంటే విశ్వామిత్రుని శాపం పొందిన కొడుకుల సంతతి. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులన్నాయి. వారి శాసనాల్లో మాత్రం ఆ మాట లేదు. తర్వాత అదే భాషకు పేరయింది.

1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ జరిగింది. 1930లో నిజాం రాజ్యంలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగినదీ ఆంధ్ర మహాసభే! అక్కడి తెలుగువారు అప్పట్లో ఆ పేరు గర్వంగా చెప్పుకొన్నారు. 1969 నాటికి అక్కడే ఆ మాటకు ‘బయటివాడు’ అనే అర్థం వచ్చింది. ముల్కీ గొడవలు, ఆరు సూత్రాల పథకం, మన నాలుగో జోను సంగతి మీకు తెలిసినవే.

మాసిడోనియా పేరు మీద గ్రీసు దేశం పొరుగువారితో 1991 నుంచి తగాదా పడింది. అలెగ్జాండరు మావాడే, మా రాష్ట్రానికీ అదే పేరు అని గ్రీకుల వాదన. చివరకు 2019లో ఆ దేశం ‘ఉత్తర మాసిడోనియా’ అయింది. మనకు దిక్కు చేర్చినా తేలేది కాదు.

ఇక మన సంగతి. 1800లో నిజాం కుంపిణీకి ఇచ్చేసిన సీమను ‘దత్తమండలాలు’ అన్నారు. ఇచ్చేసిన వస్తువులాగా ఆ పేరేమిటని మన పెద్దలకు మనసొప్పలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు. ఆత్మకూరు ప్రాంతమైతే 1839 దాకా కర్నూలు నవాబు కిందనే ఉండేది. అంటే నిక్కచ్చిగా చూస్తే ఆ పాత పేరు కూడా మనకు సరిపోదు.

ఆంధ్రులమని ఒప్పుకోవడానికి సీమ నాయకులు షరతులు పెట్టారు. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక అదే. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో సీమకూ నెల్లూరుకూ ముందు హక్కు. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. మూడేళ్ళు తిరిగేసరికి, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది.

నీళ్ళ మాట మనకు చెప్పనక్కర లేదు. శ్రీశైలం జలాశయం కింద మన ఆత్మకూరు, నందికొట్కూరు తాలూకాల ఊళ్ళు మునిగాయి. సంగమేశ్వరుడు నీళ్ళు దిగిన ఎండాకాలంలోనే బయటపడతాడు. ఆ రోజు ఊళ్ళు వదిలినవారికి చెప్పింది ‘ఆంధ్రప్రదేశ్ ప్రగతి’ అనే. ఆ మాటలో వాళ్ళు ఏపాటి ఉన్నారో వాళ్ళనే అడగాలి.

2014 జూన్ 2న తెలంగాణ విడిపోయాక ‘ఆంధ్రప్రదేశ్’ అన్న పేరు మన భాగానికి మిగిలింది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆత్మకూరు నంద్యాల జిల్లాలో ఉంది. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు పాత అలవాటుగా కర్నూలు జిల్లా అని రాయకండి. నెల్లూరు జిల్లాలోనూ ఒక ఆత్మకూరు ఉంది, పిన్ కోడ్ మరువకండి.