బొచ్చుసీళ్ళు – తప్పిన లెక్క

ఒక జంతువును చంపితే పోయేది ఒక ప్రాణమే అని మనము లెక్క వేస్తాము. ఉత్తర పసిఫిక్ మహాసముద్రములోని బొచ్చుసీలు విషయములో ఈ లెక్క సరిపోలేదు. అక్కడ ఒక తల్లిని చంపితే మూడు ప్రాణములు పోయినవి. ఇది ఎట్లు జరిగినదో తెలియవలెనంటే ముందుగా ఈ జంతువు జీవితమును గురించి కొంత తెలిసికొనవలెను.

సీలు చేప కాదు. పిల్లలకు పాలిచ్చే క్షీరదము. బొచ్చుసీలు సంవత్సరములో ఎక్కువ కాలము సముద్రములోనే గడిపి, వేసవిలో పిల్లలను కనుటకు కొన్ని ద్వీపములకు చేరును. వానిలో ముఖ్యమైనవి అలాస్కాకు పడమరగా, బేరింగు సముద్రములో ఉన్న ప్రిబిలాఫ్ ద్వీపములు. మగసీళ్ళు ముందుగా వచ్చి రాళ్ళ తీరము మీద తలా ఒక చోటు ఆక్రమించుకొనును. ఒక్కొక్కటి ఆడదానికి నాలుగైదు రెట్లు బరువుండును. చోటు వదలితే మరియొకటి ఆక్రమించును గనుక, అవి వారముల తరబడి తిండిలేకుండ కాపలా కాయును. తరువాత వచ్చే ఆడసీలు ఒకటి రెండు దినములలో ఒక పిల్లను కని, కొద్ది దినములకే మరల గర్భము ధరించును. పిల్లకు పాలివ్వవలెనంటే తల్లి మేత తినవలెను. అందుకని అది సముద్రములోనికి దూరముగా పోయి చేపలను వేటాడి, వారము పదిదినములకు తిరిగివచ్చి, వేలకొలది పిల్లలలో తన పిల్లనే వెదకి పాలిచ్చును. పరుల పిల్లకు ఇవ్వదు.

బేరింగు నాయకత్వమున బయలుదేరిన రష్యను నౌక 1741లో ఒక నిర్జన ద్వీపమువద్ద పాడైనది. అందులోని ప్రకృతి శాస్త్రజ్ఞుడు స్టెల్లరు మరుసటి సంవత్సరము ఆ తీరమున ఈ జంతువులను గమనించి వర్ణించాడు. 1786లో ప్రిబిలాఫ్ అనే నావికుడు తన పేరు వహించిన ద్వీపములను కనుగొన్నాడు. రష్యను వర్తకులు అల్యూట్ జాతివారిని బలవంతముగా అక్కడికి తెచ్చి సీళ్ళను చంపించారు. కారణము దాని బొచ్చు. చదరపు అంగుళమునకు సుమారు 3 లక్షల వెండ్రుకలు గల ఆ చర్మమునకు ఎంతో గిరాకీ.

1867లో అలాస్కాను కొన్న అమెరికా ప్రభుత్వము, 1870లో ఒక కంపెనీకి 20 సంవత్సరముల గుత్త ఇచ్చినది. ఏటా లక్ష వరకు చంపవచ్చును; అయితే మగవానినే. ఒక మగసీలు అనేకమైన ఆడవానికి సరిపోవును గనుక, జతకూడని పడుచు మగసీళ్ళను తీస్తే మందకు నష్టము తక్కువ.

చేటు నడిసముద్రములో వచ్చినది. ఓడలమీద వచ్చిన వేటగాండ్రకు నీటిలో ఆడ మగ భేదము తెలియదు. మేతకు పోయిన తల్లులే ఎక్కువగా చచ్చినవి. తల్లితోపాటు గర్భములోని పిండము పోయెను. తీరములో ఎదురుచూచే పిల్ల ఆకలితో మాడి చచ్చెను. 1886లో అమెరికా కొన్ని కెనడా ఓడలను పట్టుకొనగా, 1893లో పారిస్ మధ్యవర్తులు నడిసముద్రములోని సీళ్ళమీద అమెరికాకు హక్కు లేదని తీర్పు చెప్పారు. వేట సాగినది. మంద రెండు మూడు లక్షలకు దిగిన తరువాత, 1911లో అమెరికా, బ్రిటన్, రష్యా, జపాన్ దేశములు నడిసముద్రపు వేటను నిషేధిస్తూ ఒడంబడిక చేసికొన్నవి. వేట మానిన దేశములకు చర్మములలో వాటా ఇచ్చారు. సుమారు 40 సంవత్సరములలో మంద 20 లక్షలకు చేరినది.

అప్పుడు రెండవ పొరపాటు జరిగినది. తీరములు కిక్కిరిసి పిల్లలు ఎక్కువగా చనిపోవుచుండెను. 1896–97లో లూకాస్ అనే శాస్త్రజ్ఞుడు చచ్చిన పిల్లల ప్రేగులలో కొంకిపురుగులను చూచాడు. మన పల్లెలలో చెప్పులులేక నడిచేవారికి పట్టే కొంకిపురుగుకు ఇది దగ్గర చుట్టము. సీలు పిల్లకు మాత్రము ఇది పాదముల ద్వారా గాక, తల్లి తొలిపాలతో సంక్రమించునని 1960 దశకములో ఆల్సెన్, లయన్స్ అనే శాస్త్రజ్ఞులు తెలిపారు. మందను కొంత తగ్గిస్తే మిగిలినవి బాగుగా బ్రతికి ఎక్కువ పిల్లలను కనునని అధికారులు తలచి, 1956 నుండి 1968 వరకు సుమారు 3 లక్షల ఆడసీళ్ళను చంపించారు. ఆశించిన పెరుగుదల రాలేదు. 1984లో వ్యాపారపు వేట ఆగినది. 1988లో అమెరికా ఈ మందను క్షీణించినదిగా ప్రకటించినది.

మంద పలుచబడిన తరువాత కొంకిపురుగు నిజముగానే చాలవరకు కనుమరుగైనది. అయినను పెద్దదైన సెయింట్ పాల్ ద్వీపములో పిల్లల సంఖ్య తగ్గుచునే యున్నది. తల్లులు తినే పొలాక్ చేపనే మనుష్యులును పెద్దయెత్తున పట్టుచున్నారు, సముద్రము వేడెక్కుచున్నది, వీని ప్రభావమును శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. మరియొక వంక, 1980లో మొదటి పిల్లలు కనిపించిన బోగస్లాఫ్ అనే అగ్నిపర్వత ద్వీపములో మంద పెరిగినది.

విద్యార్థులు గమనించవలసినది ఇది. తల్లి జీవితమును తెలిసి చేసిన 1911 నాటి ఒడంబడిక మందను బ్రతికించినది. వ్యాధి విషయములో 1956 నాటి ఊహ తప్పు కాదు. కాని ఒక కారణమును తెలిసికొని అదే సర్వమనుకొన్నారు. దానికి పరీక్షగా పోయినవి మూడు లక్షల తల్లులు.