మఖమల్ మంచం, లేపేసిన ఊరు



ఈసారి మనం కొంచెం దూరం పోదాం. ఇంగ్లండులో నార్‌ఫోక్ అనే ప్రాంతంలో హౌటన్ హాల్ అని ఒక పెద్ద బంగళా ఉంది. కట్టించింది రాబర్ట్ వాల్పోల్. 1721 నుంచి 1742 దాకా ఆ దేశాన్ని నడిపినోడు, వాళ్ల మొదటి ప్రధానమంత్రిగా పేరు.

ఆ బంగళాలో ఒక మంచం ఉంది. విలియం కెంట్ గీసిన నమూనా ప్రకారం 1732లో తయారైంది. ఎత్తైన పందిరి, చుట్టూ తెరలు, అంతా ఆకుపచ్చ వెల్వెట్. తలవైపు పెద్ద ఆల్చిప్ప ఆకారం. అంచులన్నిటికీ బంగారు జరీ. ఆ జరీ పనికే 1,219 పౌన్లు అయ్యాయి. అప్పట్లో అక్కడి పొలం కూలీకి ఏడాదంతా చేసినా 20 పౌన్లు రావడం గగనం. అంటే ఒక కూలీ అరవై ఏళ్ల కష్టం ఆ అంచుల్లో ఉంది. పోనీ రోజూ పడుకోవడానికా? కాదు. గొప్ప అతిథులొస్తే మర్యాద చెయ్యడానికి, వచ్చినోళ్లకి తన స్థాయి చూపించడానికి.

ఇప్పుడు అసలు సంగతి. బంగళా దగ్గర్లోనే హౌటన్ ఊరు ఉండేది. చుట్టూ పార్కు కావాలని వాల్పోల్ ఆ ఊరిని లేపేశాడు. 1729 నుంచి గేటు బయట కొత్త ఇళ్లు వరసగా కట్టించాడు. ఇళ్లిచ్చాడు, కాదనం. కానీ ఊరు ఎక్కడుండాలో తేల్చింది ఊరోళ్లు కాదు. పాత చోట చర్చి ఒక్కటే మిగిలింది. 1745లో చనిపోయాక వాల్పోల్‌ని పూడ్చింది కూడా అక్కడే.

అడవి సంగతీ చూద్దాం. ఆయన హయాంలోనే, 1723లో ‘బ్లాక్ యాక్ట్’ వచ్చింది. ముఖానికి మసి పూసుకుని, ఆయుధంతో అడవిలో దొరికితే చాలు, ఉరిశిక్ష. జింకల వేట, చేపలు పట్టడం, చెట్లు నరకడం లాంటి తగాదాలన్నీ ఆ చట్టం కిందికి తెచ్చారు. అది దాదాపు వందేళ్లు నడిచింది.

ఆ చట్టమే మన దగ్గరికి వచ్చిందని మేము అనడం లేదు. కానీ తీరు గుర్తుపట్టొచ్చు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యంలో పోడు కొట్టుకునేవాళ్లు నేరస్థులయ్యారు. ఆ మంటే 1922లో రంప తిరుగుబాటుగా లేచింది. ఇక ఊరు లేపడం అంటే ఏంటో పోలవరం ముంపు మండలాల తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మేము చెప్పాలా?

వాల్పోల్ కొన్న బొమ్మల్ని 1779లో మనవడు రష్యా రాణికి అమ్మేశాడు. మంచం మాత్రం ఇప్పటికీ ఉంది. దాని జరీ బిల్లు పెన్నీలతో సహా చరిత్రలో మిగిలింది. మన పాత ఊళ్ల లెక్క ఎవరు రాస్తారు? ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతనో అవ్వనో అడగండి: పాత ఊరు ఎక్కడుండేది, ఏ చెట్టు కింద కూర్చునేవాళ్లు, ఎందుకు కదిలారు? విన్నది విన్నట్టు రాసి ఇక్కడ పెట్టండి.