‘లేదా’ మాట వెనక కథ: మన తెలుగు, జపనీస్

ఇబ్రహీంపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ‘ఇదా, అదా’ అని చెప్పడానికి మనమేం చేస్తాం, జపాన్‌వాళ్లేం చేస్తారు, ఇవాళ అది చూద్దాం.

మన దగ్గర హోటల్‌లో కూర్చోగానే ‘ఛాయా, కాఫీయా?’ అంటారు. రెండింటి చివరా ‘ఆ’. జపనీస్‌లో ‘ఓచా దెస్ కా, కోహీ దెస్ కా?’ అక్కడా రెండింటి చివరా ‘కా’. మనం ‘ఎవరు’కి ‘ఓ’ చేర్చి ‘ఎవరో’ అంటాం, వాళ్లు ‘దరె’కి ‘కా’ చేర్చి ‘దరెకా’ అంటారు. ఇంకేం, జపనీస్ మన భాషలోంచే పుట్టిందనేస్తారు కొందరు! కాస్త ఆగాలి. సుసుము ఓనో అనే పెద్ద పండితుడు జపనీస్‌కీ తమిళానికీ చుట్టరికం ఉందని పుస్తకాలే రాశాడు. ఎక్కువమంది భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, నాకూ ఒప్పుకోబుద్ధి కాదు. క్రియ చివర వచ్చే భాషల్లో ప్రశ్న గుర్తు కూడా చివరికి చేరడం మామూలే.

మాటల పుట్టుక ఇంకా సరదాగా ఉంటుంది. ‘లేదా’ అంటే లేదు, దాని మీద ‘ఆ’. ‘గాని’ అంటే కానిది. మన ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడు అన్నారు కదా, వాళ్ల కావ్యభాషలో ‘ఒండె’ అని ఇంకో మాట ఉండేది: రాముడొండె, లక్ష్మణుడొండె. అది పోయింది, ‘లేదు’లోంచి వచ్చినదే నిలిచింది. జపనీస్ ‘అరుయివా’ మాత్రం ‘అరు’ నుంచి వచ్చింది, అంటే ‘ఉండటం’! చైనా గ్రంథాలను జపనీస్‌లో చదువుకునేటప్పుడు ‘కొందరేమో ఇలా, కొందరేమో అలా’ అనడానికి వాడేవాళ్లు. తర్వాత ‘లేదా’ అయింది.

ఇక చట్టం సంగతి. జపాన్ శిక్షాస్మృతి 1907 నాటిది. హత్యకు శిక్ష చెప్పే 199వ సెక్షన్‌లో ఇప్పుడు ఇలా ఉంది: మరణశిక్ష ‘మతవా’ జీవితఖైదు ‘మొషికువా’ 5 ఏళ్లకు తగ్గని ఖైదు. తెలుగులో రెండూ ‘లేదా’లే. వాళ్ల చట్టాల్లో పెద్ద విభజనకు ‘మతవా’, దాని లోపలి చిన్న విభజనకు ‘మొషికువా’. అంటే మరణశిక్ష ఒక పక్క, రెండు రకాల ఖైదు ఇంకో పక్క అన్నమాట.

మన భూమి కాగితంలో ‘అన్న లేదా తమ్ముడు మరియు అతని కొడుకు సంతకం చేయాలి’ అని రాశారనుకోండి. అన్న ఒక్కడి సంతకం సరిపోతుందా? అన్న చేసినా కొడుకు రావాలా? వస్తే ఎవరి కొడుకు? మనకు ‘మొషికువా’ లేదు. అందుకని అలాంటి వాక్యాన్ని ఒకటి, రెండు అని విడగొట్టి రాయించుకోండి, సంతకాలు పడకముందే.