అబ్బాయిలు అటు, అమ్మాయిలు ఇటు: గళ్ల బోర్డు చెప్పిన లెక్క

మీ ఐదో తరగతి గుర్తు తెచ్చుకోండి. అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు. ఇంటర్వెల్‌లో గ్రౌండ్‌లోకి వదిలేసినా అదే సీన్. అక్కడ ఎవరూ విడదీసి కూర్చోబెట్టలేదు కదా, మరి ఎందుకలా? ఈ ప్రశ్నకు పనికొచ్చే ఒక ఆట అమెరికాలో ముళ్లకంచె వెనక మొదలైంది.

1942. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత అమెరికా ప్రభుత్వం దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లను ఇళ్ల నుంచి తరలించి క్యాంపుల్లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. జేమ్స్ సకోడా అనే సైకాలజీ స్టూడెంట్ కూడా అందులో ఒకడు. అక్కడ తను ఖైదీ, తోటివాళ్లు ఎవరితో కలుస్తున్నారో, ఎవరిని తప్పించుకుంటున్నారో రాసుకునే పరిశోధకుడు కూడా. 1949లో దాని మీదే థీసిస్ రాశాడు. 1971లో ఆ ఆలోచనే గళ్ల బోర్డు మీద కంప్యూటర్ మోడల్‌గా అచ్చయింది. (ఓరిగామి పుస్తకం రాసిన సకోడా కూడా ఈయనే!)

ఆట సింపుల్. రెండు రంగుల పావులు. ప్రతి పావుకీ సొంత రంగు మీద ఒక మార్కు, అవతలి రంగు మీద ఒక మార్కు: ప్లస్, సున్నా లేదా మైనస్. తన వంతు రాగానే తనకు నచ్చిన గడిలోకి జరుగుతుంది. సొంతవాళ్లకి ప్లస్, అవతలివాళ్లకి మైనస్ ఇస్తే గుంపులు విడిపోతాయి, అందులో వింతేం లేదు. అసలు వింత ఇది. సొంతవాళ్ల మీద సున్నా, అంటే ప్రేమేం లేదు. అవతలివాళ్లంటే మాత్రం కాస్త అనుమానం. అప్పుడు కూడా రెండు గుంపులే! అటునుంచి తప్పుకునే పావులన్నీ చివరికి ఒకేచోట పోగవుతాయి.

ఇప్పుడు పిల్లల దగ్గరికొద్దాం. 1987లో ఎలినార్ మకోబీ, కరోల్ జాక్లిన్ లెక్క చూడండి. నాలుగున్నరేళ్ల పిల్లలు తమ జెండర్ వాళ్లతో గడిపే సమయం, అవతలివాళ్లతో గడిపేదానికి దాదాపు 3 రెట్లు. ఆరున్నరేళ్లకి 11 రెట్లు!

"పుట్టుకతోనే అంత" అనేస్తారు చాలామంది. నేనైతే అంత తొందరపడను. సోషియాలజిస్ట్ బ్యారీ థోర్న్ స్కూళ్లలో పిల్లల మధ్యే తిరిగి గమనించి, 1993లో పుస్తకం రాశారు. ఇంటి దగ్గర కలిసి ఆడే పిల్లలే స్కూల్లో దూరంగా ఉంటారని ఆమె చూశారు. స్కూల్లో చూసే కళ్లెక్కువ, "వాడంటే నీకిష్టమంట కదా" అనే ఏడిపింపులెక్కువ. టీచర్లే బాయ్స్ వర్సెస్ గర్ల్స్ అని పోటీలు పెడతారు కూడా.

అంటే పక్క వరస అమ్మాయంటే పడక కాదు, నలుగురూ నవ్వుతారని భయం. సకోడా బోర్డు మీద మైనస్ అంటే నా దృష్టిలో అదే. ఆ మైనస్‌ని పావు తనంతట తను వేసుకోదు, ఆట పెట్టినవాళ్లు వేస్తారు. ఇష్టపడి క్యాంపుకి వెళ్లని సకోడాకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో చెస్ బోర్డు ఉంటే రూపాయి నాణేలు ఆరు, రెండు రూపాయలవి ఆరు తీసుకుని కలిపి చల్లండి. ముందు అవతలి రంగుకి మైనస్ పెట్టి ఆడండి. తర్వాత మళ్లీ కలిపి చల్లి, ఆ మైనస్‌ని సున్నా చేయండి. ఈసారి ఏ నాణేనికీ జరగాల్సిన పనే ఉండదు.