డ్రైవింగ్‌లో నిద్రొస్తోందా? ఈ నంబర్లు, రూల్స్ తెలుసుకోండి

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారులో డ్రైవర్ 3 సెకన్లు కునుకు తీస్తే.. బండి 66 మీటర్లు దూసుకెళ్తుంది. ఆ టైమ్‌లో బ్రేక్ వేసేవాళ్లే ఉండరు. అర్ధరాత్రి దాటాక 2 నుంచి ఉదయం 6 గంటల వరకు ముప్పు ఎక్కువ. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా మగత కమ్ముకొస్తుంది.

గుర్తుపట్టేదెలా?: పదే పదే ఆవలింతలు, కళ్ల మంటలు, బండి లేన్ దాటిపోవడం, ఇప్పుడే దాటిన ఊరు గుర్తులేకపోవడం.

ఏం చేయాలి?: రోడ్డు అంచున కాకుండా పెట్రోల్ బంకు, దాబా లాంటి చోట ఆపి 15-20 నిమిషాలు నిద్రపోవాలి. ముఖం కడుక్కున్నా, పాటల సౌండ్ పెంచినా ఆ ఉపశమనం కాసేపే. కాఫీ పనిచేయడానికీ దాదాపు అరగంట పడుతుంది.

ఎవరికి ఫోన్ చేయాలి?: జాతీయ రహదారులపై సాయానికి 1033 (24 గంటలూ), పోలీసులకు 112, అంబులెన్స్‌కు 108. దారిలో ఆగేందుకు దగ్గర్లో ఏమున్నాయో ఎన్‌హెచ్ఏఐ 'రాజ్‌మార్గ్‌యాత్ర' యాప్‌లో చూడొచ్చు.

రూల్ ఏంటి?: రవాణా సంస్థల డ్రైవర్లకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల డ్యూటీ అని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి కూడా ఇవ్వాలంది. అంటే నైట్ సర్వీస్‌కు డబుల్ డ్యూటీ వేస్తే తప్పు డ్రైవర్ ఒక్కడిదే కాదు. బస్సెక్కేముందు రెండో డ్రైవర్ ఉన్నాడా అని ప్రయాణికులు అడగడంలో తప్పేం లేదు.