పాత ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్: కొత్త కంప్యూటర్‌పై కాపాడుకునే తీరు

ఇంటి జమాఖర్చులు, బ్యాంకు ఖాతాలు, అప్పులు, వాటాలు, ఆస్తుల కొనుగోళ్లు రాసుకోవడానికి 1980ల నుంచి ఎన్నో ప్రోగ్రాములు వాడుకలోకి వచ్చాయి. తయారీ సంస్థలు వదిలేసిన తర్వాత వాటిని ఇప్పటి కంప్యూటర్లపై పనిచేయించే పద్ధతులు ఈ వ్యాసంలోని విషయం. మైక్రోసాఫ్ట్ మనీ, ఇన్‌ట్యూట్ సంస్థ తెచ్చిన క్వికెన్, బెంగళూరుకు చెందిన ట్యాలీ తొలి వెర్షన్లు వీటిలో ముఖ్యమైనవి. ట్యాలీ వ్యాపారుల కోసం తయారైనదే అయినా, దుకాణం లెక్క, ఇంటి లెక్క ఒకే కంప్యూటర్‌లో సాగే చోట అది ఇంటి పద్దుల పుస్తకంగానూ పనికొస్తుంది. ఇలాంటి ప్రోగ్రాములను ఇంకా రోజూ వాడుతూ పోవాలనేవారు కొందరు, తీసేసి కొత్తవి పెట్టుకోవాలనేవారు కొందరు. రెండు వాదాల్లోనూ లోపం ఉంది. కొత్త పద్దులు రాసే పని నుంచి పాత ప్రోగ్రామును తప్పించాలి, పాత పద్దులకు మాత్రం దాన్ని సాక్షిగా నిలుపుకోవాలి. అంటే అవసరమైనప్పుడు అది తెరుచుకోవాలి, దానిలోంచి తీసిన ప్రతిని దానితోనే సరిచూసి ఉండాలి. ఒక్క తరంలో భూమి ధరలు తారుమారైన శంషాబాద్ పరిసరాల్లో ఈ జాగ్రత్త విలువ బాగా తెలుస్తుంది.

శంషాబాద్ భూములు, పాత పద్దులు

రంగారెడ్డి జిల్లా శంషాబాద్ దగ్గర సుమారు 5,500 ఎకరాల్లో వెలసిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి 2005లో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న అక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి, బేగంపేటలోని పాత విమానాశ్రయం నుంచి సాధారణ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది గచ్చిబౌలి, శంషాబాద్‌ల మధ్య ఔటర్ రింగ్ రోడ్డు తెరుచుకుంది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే అందుబాటులోకి వచ్చింది. పొలాలు ప్లాట్లుగా మారుతున్న ఆ రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ మనీ ఆఖరి వెర్షన్లు అమ్ముడయ్యాయి. ఆ ప్రోగ్రాము అమ్మకం ఆపేస్తున్నట్టు 2009 జూన్‌లో సంస్థ ప్రకటించింది. అప్పట్లో ప్లాటు కొని, కంపౌండ్ వాల్ కట్టించి, బోరు వేయించి, ఆ ఖర్చులన్నీ కంప్యూటర్‌లో రాసుకున్న కుటుంబం సంగతి ఆలోచించండి. ఆస్తి అమ్మే రోజు వచ్చేసరికి ఆ లెక్కలు ఉన్న ప్రోగ్రాముకు దిక్కు లేకుండా పోయింది.

ఆ లెక్కలు కావలసి వచ్చేది మూలధన లాభాల పన్ను దగ్గర. కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి చూపే ద్రవ్యోల్బణ సూచీకి ఆధార సంవత్సరాన్ని 2017 ఆర్థిక చట్టం 1981 నుంచి 2001కి మార్చింది. 2001 ఏప్రిల్ 1కి ముందు చేతికొచ్చిన ఆస్తికి ఆ రోజు నాటి మార్కెట్ విలువను ఖర్చుగా చూపుకోవచ్చు. తర్వాత కొన్నదానికి కొన్న ధర, దాన్ని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చు, ఆ ఖర్చులు పెట్టిన ఆర్థిక సంవత్సరాలు కావాలి. 2024 బడ్జెట్ ఈ లెక్కను మళ్లీ మార్చింది. 2024 జూలై 23కి ముందు కొన్న భూమిని, ఇంటిని ఆ తేదీ నుంచి అమ్మే స్వదేశీ నివాసి లేదా హిందూ అవిభక్త కుటుంబం, సూచీ లేకుండా 12.5 శాతం, సూచీతో 20 శాతం అనే రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అంతే పన్ను కట్టవచ్చు. పాత వివరాలు చేతిలో లేకపోతే రెండో లెక్క వేయడమే కుదరదు. ప్రవాసులకు ఈ వెసులుబాటు లేదు. అయినా 12.5 శాతం లెక్కలోనూ అసలు ధరను, మెరుగుదల ఖర్చును అమ్మిన ధరలోంచి తీసేయాలి కనుక అమెరికాలో ఉంటూ ఇక్కడ ప్లాటు ఉన్నవారికి కూడా పాత పద్దులు అవసరమే.

ఎందుకు ఆగిపోతాయి

పాత ప్రోగ్రాము మొరాయించడానికి కారణాలు వేర్వేరు, కారణాన్ని బట్టే మందు. మొదటిది నిర్మాణం. డాస్ కాలంలోనూ విండోస్ 3.1 కాలంలోనూ వచ్చిన 16 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ అసలు నడపదు. 2021లో వచ్చిన విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగియడంతో, దాని 32 బిట్ రూపంపై ఆ పాత ప్రోగ్రాములను లాక్కొస్తున్నవారికి ఆ ఆసరా కూడా పోయింది. రెండోది ఇతర భాగాలపై ఆధారపడటం. మైక్రోసాఫ్ట్ మనీ తన పేజీలను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ భాగాలతో చూపేది. ఆ బ్రౌజర్‌కు 2022 జూన్ 15న మద్దతు ఆగింది. మూడోది అనుమతి. ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ చేసుకోవాల్సిన ప్రోగ్రాము, అవతల సర్వర్ మూతపడితే, సీడీ చేతిలో ఉన్నా కొత్త కంప్యూటర్‌పై నిలబడదు.

నాలుగో కారణాన్ని చాలామంది గమనించరు. విస్టా నుంచి విండోస్ తన ప్రోగ్రాముల ఫోల్డరులో మామూలు ప్రోగ్రాములను రాయనివ్వదు. పాత ప్రోగ్రాము అక్కడ రాయబోతే, ఆ రాతను వర్చువల్‌స్టోర్ అనే దాచిన ఫోల్డరుకు మళ్లిస్తుంది. లెక్కల ఫైలు ప్రోగ్రాము ఫోల్డరులోనే ఉందనుకుని దాన్ని కాపీ చేసుకుంటే, దొరికేది ఏళ్ల నాటి పాత ఫైలు. అసలు లెక్కలు పాత కంప్యూటర్‌తో పాటు పాత సామాన్లవాడికి వెళ్లిపోతాయి. అందుకే కాపీ చేసిన ఫైలును తెరిచి, అందులోని చివరి పద్దు తేదీ చూడకుండా పాత డిస్కును వదులుకోకూడదు.

నడిపించే మార్గాలు

డాస్ ప్రోగ్రాములకు 2002 నుంచి ఉన్న ఉచిత ప్రోగ్రాము డాస్‌బాక్స్ సాధారణంగా సరిపోతుంది. 32 బిట్ విండోస్ ప్రోగ్రాములను ముందుగా విండోస్‌లోనే ఉన్న కంపాటిబిలిటీ మోడ్‌తో ప్రయత్నించాలి. లొంగకపోతే వర్చువల్‌బాక్స్ లాంటి దానిలో ఊహా కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్) తయారుచేసి, లైసెన్సు ఉన్న పాత విండోస్‌ను అందులో ఎక్కించాలి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న మద్దతు ఆగిపోయింది కాబట్టి ఆ ఊహా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వకూడదు. భద్రత పేరుతో ఈ పద్ధతిని వద్దనేవారి భయం న్యాయమైనదే. ఆ భయం వర్తించేది నెట్‌కు కలిపి, కొత్త లావాదేవీలు చేసే యంత్రానికి. నెట్ లేకుండా చదవడానికి మాత్రమే వాడే యంత్రంలో ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

తయారీ సంస్థే దారి చూపిన సందర్భాలూ ఉన్నాయి. యాక్టివేషన్ అక్కర్లేని మనీ ప్లస్ సన్‌సెట్ వెర్షన్‌ను మైక్రోసాఫ్ట్ 2010లో ఉచితంగా ఇచ్చింది. అది పాత ఫైలును తెరిచేటప్పుడు కొత్త రూపంలోకి మార్చేస్తుంది కనుక ముందుగా అసలు ఫైలుకు వేరే ప్రతి తీసి పెట్టుకోవాలి. ట్యాలీ విషయంలో మెట్టు మెట్టుగా రావాలి. 7.2 నాటి డేటాను 2009లో వచ్చిన ఇ.ఆర్.పి. 9కి, అక్కడి నుంచి 2020లో వచ్చిన ట్యాలీప్రైమ్‌కు మార్చుకోవాలి. మధ్య మెట్టుకు కావలసిన పాత ఇన్‌స్టాలేషన్ ఫైలు కూడా భద్రపరచుకోదగినదే.

ఎగుమతిలో జారిపోయేవి

ఫైలును వేరే రూపంలోకి మార్చుకుంటే చాలు, పాత ప్రోగ్రాము ఇంకెందుకని అడగవచ్చు. మార్పిడి నమ్మకమైనదైతే ఆ మాట నిజమే అయ్యేది. పాత ప్రోగ్రాముల మధ్య వారధిగా ఉన్న క్యూఐఎఫ్ అనే ఫైలు రూపంలో తేదీకి ఖాయమైన వరుస లేదు. 03/04/2008 అన్నది మనకు ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి, ఈ తికమకతో పద్దు ఏకంగా ఒక సంవత్సరం నుంచి మరో సంవత్సరానికి జారిపోతుంది. 2007-08కి ద్రవ్యోల్బణ సూచీ 129, 2008-09కి 137, 2024-25కి 363. 2008లో 10 లక్షల రూపాయలకు కొన్న ప్లాటును 2024-25లో అమ్మితే, మార్చి 4 తేదీతో సూచీ ప్రకారం ఖర్చు సుమారు 28.14 లక్షలు, ఏప్రిల్ 3 తేదీతో సుమారు 26.50 లక్షలు. తేడా సుమారు 1.64 లక్షలు. దానిపై 20 శాతం పన్ను దాదాపు 33 వేల రూపాయలు. ఒక్క తేదీ తారుమారైతే ఇంత నష్టం, లేదా పన్ను అధికారి ముందు నిలవని లెక్క. ఆ తేదీని పాత ప్రోగ్రాము తెరపై చూసి సరిచేసుకోవచ్చు, ఎగుమతి చేసిన ఫైలు ఒక్కటే ఉంటే ఏది నిజమో చెప్పేవారుండరు.

తేదీలు ఒక్కటే కాదు. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మళ్లించిన సొమ్ము రెండు ఖాతాల ఫైళ్లలోనూ కనిపిస్తుంది, కొత్త ప్రోగ్రాము దాన్ని రెండుసార్లు లెక్కపెట్టవచ్చు. వాటాలను ఏ విడతలో ఎంతకు కొన్నామన్న వివరం తెగిపోవచ్చు. యూనికోడ్ విస్తరించకముందు అను లాంటి ఫాంట్లతో తెలుగులో రాసుకున్న పేర్లు, ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలుగా బయటపడతాయి. అందువల్ల ప్రతి ఖాతాకు, ప్రతి ఏడాది మార్చి 31 నాటి నిల్వను రెండు ప్రోగ్రాముల్లోనూ చూసి సరిపోల్చాలి. ఆఖరి నిల్వ ఒక్కటే సరిపోయినంత మాత్రాన నమ్మకూడదు, ఒక తప్పు మరో తప్పుతో చెల్లిపోయి ఉండవచ్చు. సరిచూసిన లెక్కలను 1998 నుంచి ఉన్న ఉచిత ప్రోగ్రాము గ్నూక్యాష్‌లోనో, సాదా పట్టికల్లోనో ఉంచుకుని, ఏడాదివారీగా పీడీఎఫ్ తీసి పెట్టుకుంటే ఏ కంపెనీ మీదా ఆధారపడాల్సిన పని ఉండదు.

అభ్యంతరాలు

బ్యాంకు దగ్గర అన్నీ ఉంటాయి కదా అన్నది తరచు వినిపించే మాట. మనీలాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం లావాదేవీల రికార్డులను బ్యాంకులు అయిదేళ్లు ఉంచడం తప్పనిసరి. 2008 నాటి చెక్కు వివరం అడిగితే ఇప్పుడు దొరికి తీరాలన్న పూచీ లేదు. పైగా స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులోనూ, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోనూ కలిసిపోయాయి. బ్యాంకు స్టేట్‌మెంటు దొరికినా అందులో ఉండేది సొమ్ము ఎవరికి వెళ్లిందన్న ముక్కే. అది బోరుకా, గోడకా, చేబదులా అన్నది ఇంటి పద్దు చెప్పాలి.

కంప్యూటర్‌లో రాసుకున్నది రుజువు కాదు, కాగితమే రుజువు అన్నది మరో అభ్యంతరం. సేల్ డీడు, బిల్లులు, రసీదులు ఉండాలన్నది సరైన మాటే, సొంత పద్దు వాటికి బదులు కాదు. అయితే పదిహేనేళ్ల కాగితాల కట్టల్లో ఏ తేదీ బిల్లు, ఏ నంబరు చెక్కు వెతకాలో చెప్పేది ఆ పద్దే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్, ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం ఉండాలంటుంది. ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారితే తానూ మారిపోయే గుర్తింపు సంకేతం, రాయడానికి చోటుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచి, దాని హ్యాష్‌ను రాసిపెట్టుకోవడం ఖర్చులేని ముందుజాగ్రత్త.

ఫోన్ యాప్‌లు వచ్చాక ఈ శ్రమ అవసరమా అని అడిగేవారికి మింట్ ఉదాహరణ చాలు. అమెరికాలో ఎంతోమంది వాడిన ఆ ఆన్‌లైన్ సేవను ఇన్‌ట్యూట్ 2024 మార్చిలో మూసేసింది. సీడీ మీద వచ్చిన ప్రోగ్రాము అనాథ అయినా ఫైలు ఇంట్లోనే ఉంటుంది. ఆన్‌లైన్ సేవ మూతపడితే గడువులోగా దించుకోనివారికి ఫైలు కూడా మిగలదు. మన దేశంలో వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతి, సంస్థల దగ్గర ఉన్న సమాచారాన్ని తేగలదు. నగదుగా ఇచ్చిన మేస్త్రీ కూలిని తేలేదు.

అందరికీ ఇంత పని అవసరం లేదన్నది ఒప్పుకోవాలి. పాత ఫైలులో పాలు, కిరాణా, కరెంటు బిల్లులే ఉంటే ఒక పీడీఎఫ్ తీసి ముగించవచ్చు. ఇంకా అమ్మని భూమి, ఇల్లు, వాటాలు, తీరని అప్పు వివరాలు అందులో ఉంటే మాత్రం సాక్షిని పోగొట్టుకోకూడదు. ఈ బాధ్యత రాసుకున్నవారితో ఆగదు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని అమ్మేటప్పుడు, అంతకుముందు యజమాని పెట్టిన ఖర్చునే పన్ను లెక్కలో తీసుకుంటారు. తండ్రి 2006లో రాసుకున్న పద్దు కూతురికి 2030లో అవసరపడవచ్చు. కనుక ఫైలు పాస్‌వర్డు, ఊహా కంప్యూటర్ ప్రతి, సరిచూసిన పట్టికలు, అవి ఎలా తెరవాలో తెలుగులో రాసిన ఒక కాగితం ఇంటి దస్తావేజులతో పాటే ఉండాలి. పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతున్నప్పుడు ఇది ఒకటి రెండు సెలవు రోజుల పని. దాని డిస్కు చెడిపోయాక ఎంత డబ్బు పెట్టినా జరుగుతుందో లేదో చెప్పలేని పని.